మనోవ్యాధికి మందు

"మనోవ్యాధికి మందు లేదు" అన్న సామెత మన ఇళ్ళల్లో వినపడని వారం వుండదు. కోడలు ముభావంగా వుంటే అత్తగారు అంటుంది. కొడుకు పరీక్ష తప్పి మూల కూర్చుంటే తండ్రి అంటాడు. అనేసి ఎవరి పనిమీద వాళ్ళు పోతారు. మందు లేదని తేలిపోయింది గదా, ఇక చెయ్యవలసింది మాత్రం ఏముంది?

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి కనుక సామెతలంటే నాకు గౌరవమే. అయినా ఈ వారం ఈ సామెతమీద ఫిర్యాదు చెయ్యక తప్పడం లేదు. కారణం నా బల్లమీద వున్న ఒక వుత్తరం.

రాసినావిడ పేరూ వూరూ చెప్పను. కృష్ణ వొడ్డున ఒక వూరు అనుకోండి. "నాయనా, నీవు మా తమ్ముడి యీడువాడివని నీ రాతలను బట్టి అనుకొంటున్నాను. అందుకని 'నీవు' అనే రాస్తున్నాను. ఏమీ అనుకోకు" అని మొదలుపెట్టారు. వారి భర్త హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు. పెన్షను వస్తున్నది. సొంత ఇల్లు వున్నది. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. దేనికీ లోటు లేదు. అయినా నాలుగు నెలల నుంచి ఆయన మనిషి కాడు.

"తెల్లవారుజామున మూడు గంటలకే లేచి చీకట్లో కూర్చుంటారు. పేపరు ముట్టుకోరు. హరికథంటే ప్రాణం పెట్టే మనిషి, గుళ్ళో కథ జరుగుతుంటే కిటికీ తలుపు వేసేశారు. అన్నం కెలికి లేస్తారు. ఆరు కిలోలు తగ్గారు. పాతికేళ్ళనాడు ఎవరో పిల్లవాణ్ణి అన్యాయంగా బెత్తంతో కొట్టారట. ఆ సంగతి రోజుకు పదిమాట్లు చెప్పి, నేను పాపిష్టివాణ్ణి, నేను లేకపోతే మీకందరికీ హాయి, అంటారు."

అమ్మాయి బలవంతంమీద పట్నం తీసుకువెళ్ళి మానసిక వైద్యుడికి చూపించారు. ఆయన డిప్రెషన్ అని చెప్పి, పొద్దున పూట ఒక చిన్న మాత్ర రాశాడు. పది రోజులు వేశారు. గుణం కనపడలేదు సరిగదా కడుపులో తిప్పడం, తలనొప్పి వచ్చాయి. అల్లుడుగారు వచ్చి, "ఇవి పిచ్చివాళ్ళకు ఇచ్చే మాత్రలండీ, ఒకసారి పట్టుకొంటే వదలవు" అన్నాడు. మాస్టారు ఆ రోజునుంచి మాత్ర వేసుకోవడం మానేశారు. ఆవిడ మాత్రల అట్టను చీరల మడతల్లో దాచి, నాకు మూడు ప్రశ్నలు రాశారు. మనసుకు వచ్చిన జబ్బుకు మాత్ర ఏం చేస్తుంది? అలవాటయిపోతే గతేమిటి? "మూడోది, నాయనా, ఎవరినీ అడగలేక నిన్ను అడుగుతున్నాను. ఆయనకు తెలియకుండా కాఫీలో నూరి కలిపి ఇవ్వనా?"

అక్కయ్యగారూ! నేను వైద్యుణ్ణి కాను. మందు మార్చడం, మోతాదు చెప్పడం నా పని కాదు. కాని ఈ మాత్రల సంగతి తెలుసుకోవలసిన అవసరం నాకు ఒకప్పుడు వచ్చింది. ఎందుకు వచ్చిందో తరవాత చెబుతాను. తెలిసినంతవరకు మీ మూడు ప్రశ్నలకూ జవాబు రాస్తున్నాను. ఇటువంటి అట్టలు చీరల మడతల్లో వున్న ఇళ్ళు ఇంకా చాలా వుంటాయి గనుక, మీ అనుమతి లేకుండానే ఈ శీర్షికలో రాస్తున్నాను.

ముందు జబ్బు పేరు. మన భాషలో దిగులు, బెంగ, చింత, విచారం, వ్యాకులం అని కావలసినన్ని మాటలున్నాయి. అన్నిటికీ ఒక కారణం వుంటుంది, కారణం తీరితే అవీ తీరుతాయి. వూరెళ్ళిన తల్లి తిరిగి వస్తే పిల్లవాడి బెంగ పోతుంది. డిప్రెషన్ ఆ జాతిది కాదు. దాన్ని ఇప్పుడు కుంగుబాటు అంటున్నారు. వైద్యులు దీనికి తొమ్మిది లక్షణాల పట్టిక ఒకటి పెట్టుకొన్నారు. మనసు ఎప్పుడూ కుంగి వుండడం, దేనిమీదా ఆసక్తీ ఆనందమూ లేకపోవడం, ఆకలి లేదా బరువు మారడం, నిద్ర చెడడం, కదలిక మందగించడం లేదా నిలకడ లేకపోవడం, నీరసం, అర్థంలేని అపరాధభావం, మనసు నిలవకపోవడం, చావును గురించిన ఆలోచనలు. వీటిలో అయిదయినా రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ వుండి, మొదటి రెండింటిలో ఒకటి తప్పనిసరిగా వుండి, రోజువారీ బతుకును చెడగొడుతుంటే అది జబ్బు. మీ వుత్తరంలోనే నేను ఆరో ఏడో లెక్కపెట్టాను. థైరాయిడు మందగించినా, కొన్ని విటమినులు తగ్గినా ఇటువంటి లక్షణాలే రావచ్చు గనుక వైద్యులు రక్తపరీక్ష కూడా చేయిస్తారు. 2015-16లో మన దేశంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవాళ్ళలో ఇరవైమందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవారేనని తేలింది. అంటే మీ వీధిలో మీ ఇల్లు ఒక్కటే కాదు.

భగవద్గీత మొదటి అధ్యాయానికి అర్జున విషాదయోగమని పేరు. అర్జునుడి నోరు ఎండిపోతుంది, వొళ్ళు వణుకుతుంది, గాండీవం జారిపోతుంది. కృష్ణుడు బోధిస్తాడు. పద్ధెనిమిదో అధ్యాయానికల్లా అర్జునుడు విల్లు పట్టుకొని లేస్తాడు. అది చదివి మనం ప్రతివాళ్ళమూ కృష్ణులమైపోతాం. "లేవండి, అలా నడిచి రండి, మనసును అదుపులో పెట్టుకోవాలి, మీకేం తక్కువ?" అంటూ మంచం చుట్టూ చేరి గీత చెబుతాం. విన్నవాడు లేవలేడు. లేవలేకపోయినందుకు ఇంకొంచెం కుంగుతాడు. అర్జునుడికి వచ్చింది ధర్మసందేహం, అది మాటతో తీరింది. బావగారికి వచ్చింది జబ్బు. కాలు విరిగినవాడికి నడక గొప్పతనం చెబితే కట్టు కట్టినట్టవుతుందా?

ఇక మాత్ర. ఈ మందులు పుట్టిన కథ నవలకు తీసిపోదు. వీటికోసం ఎవరూ వెదకలేదు. వేరే దానికోసం వెదుకుతుంటే దొరికాయి.

1952లో న్యూయార్కు నగరంలోని సీవ్యూ ఆస్పత్రిలో క్షయరోగులకు ఐప్రోనయజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. యుద్ధకాలంలో జర్మనులు ఇంధనంగా వాడిన హైడ్రజీన్ అనే రసాయనం కుటుంబంలోది అది. చావుకోసం ఎదురుచూస్తూ పడుకొన్న రోగులు లేచి తిరగడం, అన్నం అడిగి పెట్టించుకోవడం, వార్డులో డాన్సు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ ఫోటోలు పత్రికల్లో పడ్డాయి. మెదడులో కొన్ని రసాయనాలను విరగ్గొట్టే మోనోఅమీన్ ఆక్సిడేజ్ అనే ఎన్‌జైమును ఈ మందు అడ్డుతుందని అదే సంవత్సరం జెల్లర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. 1957లో నేథన్ క్లైన్ అనే మానసిక వైద్యుడు దీన్ని కుంగుబాటు రోగులకు ఇచ్చి గుణం కనపడిందని ప్రకటించాడు.

దాదాపు అదే కాలంలో స్విట్జర్లండులో, కాన్‌స్టన్స్ సరస్సు వొడ్డున మున్‌స్టర్‌లింగెన్ అనే చిన్నవూళ్ళో రోలండ్ కూన్ అనే వైద్యుడు వుండేవాడు. గైగీ కంపెనీవారు పంపిన ఒక మందును ఆయన మొదట స్కిజోఫ్రీనియా రోగులకు ఇచ్చి చూశాడు. దానికి అది పనిచెయ్యలేదు. మరొకరయితే సీసాలు తిప్పి పంపేవారు. కూన్ 1956 జనవరిలో దాన్ని తీవ్రంగా కుంగిపోయిన రోగులకు మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే మార్పు కనపడింది. 1957 సెప్టెంబరులో జూరిచ్ నగరంలో ప్రపంచ మానసిక వైద్యుల మహాసభ జరిగితే, అక్కడ ఆయన ఉపన్యాసం విన్నది పట్టుమని పన్నెండుమంది. ఆ మందు ఇమిప్రమీన్. దాని అణువులో మూడు వలయాలు వుంటాయి గనుక, ఆ తరవాత వచ్చిన ఎమిట్రిప్టిలిన్ వంటి దాని చుట్టాలతో కలిపి ఆ తరగతిని ట్రైసైక్లిక్ మందులన్నారు.

ఈ కథలో మన దేశానికీ ఒక పాత్ర వుంది. సర్పగంధి వేరు మన వైద్యంలో ఏనాటినుంచో వున్నదే. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో, అది రక్తపు పోటును తగ్గిస్తుందని ఇంగ్లీషు వైద్యపత్రికలో రాసి లోకానికి చాటాడు. 1952లో ఆ వేరునుంచి రిసర్పీన్ అనే పదార్థాన్ని విడదీశారు. అది వాడినవారిలో కొందరు కుంగిపోవడం వైద్యులు గమనించారు. అది మెదడులో సెరటోనిన్‌ను ఖాళీ చేస్తుందని 1955లో తేలింది. ఒక మందు ఆ రసాయనాలను నిలబెడితే మనసు లేస్తున్నది, ఇంకొకటి ఖాళీ చేస్తే పడుతున్నది. దాంతో శాస్త్రజ్ఞులు, జబ్బంతా ఆ రసాయనాల కొరతే కాబోలు అనుకొన్నారు.

ఆ రసాయనాల పని ఏమిటో మన ఇంటి భాషలో చెబుతాను. మెదడులో కోట్లకొద్దీ నాడీకణాలున్నాయి. ఒకదానికొకటి తగలవు. మధ్య సన్నని సందు వుంటుంది. రెండు మేడలు, మధ్య ఇరుకు సందు అనుకోండి. ఈ మేడమీది వదినగారు ఆ మేడమీది వదినగారికి కబురు పంపాలి. పిలిస్తే వినపడదు. గుప్పెడు మల్లెపూలు విసురుతుంది. ఆవిడ కొన్ని పట్టుకొంటుంది, కబురు అందుతుంది. మిగిలిన పూలను విసిరినావిడే మళ్ళీ తన ఇంట్లోకి వూడ్చుకొంటుంది. వాటిలో కొన్ని బుట్టలోకి చేరతాయి, కొన్నిటిని ఇంట్లో పనిమనిషి చిదిమి పారేస్తుంది. ఆ పూలే సెరటోనిన్, నార్ ఎడ్రినలిన్ మొదలయినవి. ఆ పనిమనిషి మోనోఅమీన్ ఆక్సిడేజ్.

మొదటి తరగతి మందులు పనిమనిషికి సెలవు ఇప్పిస్తాయి, బుట్టలో పూలు నిలవ వుంటాయి. ఇమిప్రమీన్ తరగతి మందులు తిరిగి వూడ్చుకొనే చీపురును పట్టుకొంటాయి, పూలు సందులో ఎక్కువసేపు వుంటాయి. ఈ వూడ్చుకోవడాన్ని 1961లో నార్ ఎడ్రినలిన్ విషయంలో రుజువు చేసిన జూలియస్ ఏక్సెల్‌రాడ్‌కు 1970లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

మొదటి తరగతికి ఒక చిక్కు వచ్చింది. 1963లో ఇంగ్లండులో బారీ బ్లాక్‌వెల్ అనే యువవైద్యుడు, ఈ మందు వాడేవాళ్ళు నిలవచేసిన చీజు తింటే రక్తపు పోటు ఒక్కసారిగా ఎగబాకుతున్నదని గుర్తించాడు. చీజులో టైరమీన్ అనే పదార్థం వుంటుంది. మామూలుగా దాన్ని చిదిమేసేది ఆ పనిమనిషే. ఆమె సెలవులో వున్నది గదా! ఇక రెండో తరగతి చీపురునే కాక ఇంట్లో తగలరాని వస్తువులన్నిటినీ తాకుతుంది. నోరు ఎండుతుంది, మలబద్ధకం, కళ్ళు మసక, మూత్రం సరిగా రాకపోవడం, మత్తు వస్తాయి. ఎక్కువ మోతాదులో గుండెకు చాలా ప్రమాదం. అందుకని, అది మంచిగా పనిచేసే మందే అయినా, వైద్యులు ముందుగా దాన్ని ముట్టుకోరు.

అటు తరవాత సెరటోనిన్ చీపురును మాత్రమే పట్టుకొనే మందుల కోసం వెదికారు. 1987 డిసెంబరులో అమెరికాలో ఫ్లూఆక్సెటిన్‌కు అనుమతి దొరికింది. సెర్‌ట్రలీన్, పెరాక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ ఆ కోవలోవి. మీరు రాసిన పేరునుబట్టి బావగారికి ఇచ్చినది ఈ తరగతిలోదే. సెరటోనిన్‌తోపాటు నార్ ఎడ్రినలిన్ చీపురును కూడా పట్టుకొనే వెన్లఫాక్సిన్, డ్యులోక్సెటిన్ మరో తరగతి. మిర్టజపీన్ వేరే దారిలో పనిచేసి నిద్ర, ఆకలి పెంచుతుంది. బుప్రోపియాన్‌కు సెరటోనిన్‌తో పనే లేదు. ఏ మందుకూ లొంగని కుంగుబాటుకు ఎస్‌కెటమీన్ అనే ముక్కులో పీల్చే మందును 2019లో అమెరికాలో అనుమతించారు. దాన్ని ఆస్పత్రిలో కూర్చోపెట్టి ఇస్తారు.

"అయితే ఆయనకు సెరటోనిన్ తక్కువయిందా?" అని మీరు అడగవచ్చు. చాలాకాలం అలాగే చెప్పేవారు. 2022లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే, కుంగినవారిలో సెరటోనిన్ తక్కువని నిలకడయిన రుజువు లేదని తేలింది. అయితే మందు పనిచెయ్యదని దీని అర్థం కాదు. మాత్రతో తలనొప్పి తగ్గినంతమాత్రాన ఆ మాత్ర వొంట్లో తక్కువై తలనొప్పి వచ్చిందనం గదా! 2018లో 522 పరిశోధనలను, లక్షా పదహారు వేలకు పైబడిన రోగుల వివరాలను కలిపి పరిశీలించారు. 21 మందులను చూస్తే, అన్నీ ఉత్తుత్తి మాత్రకన్న మెరుగుగానే పనిచేశాయి. అద్భుతంగా మాత్రం కాదు, ఒక మోస్తరుగా. ఉత్తుత్తి మాత్రతోనూ కొందరికి నయమవుతుంది. మొదటి మందుతోనే పూర్తిగా కోలుకొనేవారు సుమారు మూడోవంతు. మిగిలినవారికి మోతాదు పెంచుతారు, మందు మారుస్తారు, ఇంకొకటి జోడిస్తారు. మనసు విప్పి మాట్లాడించి ఆలోచనల దారి మార్చే చికిత్స కూడా వుంది. తీవ్రమయిన జబ్బులో రెండూ కలిపితే ఒక్కొక్కదానికన్న మేలు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. చీపురును పట్టుకోవడం మొదటి రోజు గంటల్లోనే జరుగుతుంది. కాని మనసు లేవడానికి రెండునుంచి ఆరు వారాలు పడుతుంది. సందులో పూలు పెరిగినందుకు మెదడు తన ఏర్పాట్లన్నీ నెమ్మదిగా సర్దుకోవాలి. నాడుల మధ్య కొత్త లంకెలు పడాలి. కడుపులో తిప్పడం, తలనొప్పి మాత్రం మొదటివారంలోనే వస్తాయి. మన కడుపులో సెరటోనిన్ మెదడులోకన్న ఎక్కువ వుంటుంది మరి! అవి చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకొంటాయి. అంటే కష్టం ముందు, సుఖం తరవాత. పది రోజులకు మానేసినవాడు కష్టాన్ని మాత్రం అనుభవించి, సుఖం వచ్చే వేళకు లేచిపోయినవాడు.

రెండో ప్రశ్న, అలవాటు. ఇక్కడ నేను దాచుకొన్న మాట చెప్పాలి.

ఆరేళ్ళ క్రితం ఒక సోమవారం నేను క్లాసులో పుస్తకం తెరిచి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా చెప్పిన పాఠమే. మొదటి పద్యం ఎదురుగా వుంది. అక్షరాలు కనపడుతున్నాయి, పద్యం కనపడటం లేదు. అయిదు నిమిషాలు అలాగే నిలబడ్డాను. పిల్లలు మొదట నవ్వారు, తరవాత నవ్వడం మానేశారు. వొంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి వచ్చాను. కాలేజీలో నడుం నొప్పి అని సెలవు పెట్టాను. అది నడుం కాదు. ఏ కష్టం వచ్చి అలా అయిందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అప్పులు లేవు, చావులు లేవు. రోజూ చీకటితో మేలుకోవడం, మా ఆవిడ ముఖం చూడలేకపోవడం మాత్రం గుర్తున్నాయి.

మాత్రలు వేసుకొన్నాను. అయిదోవారంలో ఒక సాయంత్రం, మా వీధి చివర మిరపకాయ బజ్జీలు వేగుతున్న వాసన తగిలి నాకు ఆకలేసింది. అంతే. ఇంతకన్న గొప్పగా ఏమీ జరగలేదు. మూడో నెలకు మామూలు మనిషినయ్యాను. అయ్యాను గనుక, ఇక మాత్రలెందుకని నా అంతట నేను ఒక్కసారిగా మానేశాను. మూడో రోజున తల తిప్పితే కళ్ళు తిరిగాయి, తలలో కరెంటు తగిలినట్టు జివ్వుమన్నది, చీటికి మాటికి చిరాకు. "చూశావా, బానిసవయ్యావు!" అని నన్ను నేను తిట్టుకొన్నాను. మా వైద్యుడు నవ్వి ఇలా వివరించాడు. తాగుబోతుకు రోజురోజుకూ మోతాదు పెంచాలి, మందు కోసం మనసు కొట్టుకొంటుంది, ఇల్లు గుల్ల చేసైనా తాగుతాడు. ఈ మాత్రల కోసం ఎవరూ అలా కొట్టుకోరు. కాని మెదడు ఒక ఏర్పాటుకు అలవాటుపడింది. కర్ర ఒక్కసారి లాగేస్తే పందిరి వూగుతుంది. కొందరికి ఆ బాధ కొద్దిరోజులే, కొందరికి వారాలు నెలలు కూడా వుంటుంది. పెరాక్సెటిన్, వెన్లఫాక్సిన్ వంటివి వొంట్లోంచి త్వరగా పోతాయి గనుక వాటితో ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్ వారాలకొద్దీ నిలిచి మెల్లగా పోతుంది గనుక తక్కువ. అందుచేత, తగ్గిన తరవాత కూడా కనీసం ఆరునెలలు వాడి, ఆ పైన వైద్యుడి సలహాతో మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. జబ్బు తిరగబెట్టే స్వభావమున్నవారు ఇంకా ఎక్కువకాలం వాడవలసి రావచ్చు. నేను మళ్ళీ మొదలుపెట్టి, మొత్తంమీద పద్నాలుగు నెలలు వాడి, చివరి మూడునెలలూ తగ్గిస్తూ మానాను.

ఈ శీర్షిక మా కాలేజీ స్టాఫు రూములో కూడా చదువుతారు. నడుం నొప్పి సంగతి ఈ వారంతో తేలిపోతుంది. తేలనివ్వండి.

మాత్రలకు దోషాలు లేవని చెప్పను. ఈ తరగతి మందులతో దాంపత్య సుఖంలో ఇబ్బంది రావచ్చు. సిగ్గుపడి చాలామంది చెప్పరు, చెప్పకుండా మాత్ర మానేస్తారు. వైద్యుడితో చెబితే దారి వుంటుంది. వయసు మళ్ళినవారికి, ముఖ్యంగా బి.పి. కోసం మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడేవారికి, రక్తంలో సోడియం పడిపోయి మగతా తికమకా రావచ్చు. గుండెకోసం ఆస్పిరిన్ వాడేవారికి, కీళ్ళనొప్పుల మాత్రలు మింగేవారికి రక్తస్రావం అవకాశం కొంచెం పెరుగుతుంది. ట్రామడాల్ వంటి నొప్పి మందులతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, చెమటలు, జ్వరం రావచ్చు. పూర్వం ఎప్పుడైనా ఉత్సాహం హద్దుమీరి, నిద్రాహారాలు లేకుండా తిరిగిన చరిత్ర వుంటే అది తప్పక చెప్పాలి. అటువంటివారికి ఈ మందు ఒక్కటే ఇస్తే ఆ ఉద్రేకం తిరిగి లేవవచ్చు. పాతికేళ్ళలోపువారిలో కొందరికి మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని 2004లో అమెరికా ప్రభుత్వం మందుల అట్టలమీద హెచ్చరిక వేయించింది, 2007లో దాన్ని 24 ఏళ్ళ వయసు దాకా పెంచింది. అందుకే మొదట్లో ఎవరినైనా దగ్గర కూర్చొని కనిపెట్టి వుండాలి.

ఇందులోనే మీ మూడో ప్రశ్నకు జవాబు వుంది. కాఫీలో కలపకండి, అక్కయ్యగారూ.

మీ మనసు నాకు తెలుసు. మనిషి కళ్ళ ఎదుట కరిగిపోతుంటే ఏదో ఒకటి లోపలికి పంపాలనిపిస్తుంది. కాని ఆలోచించండి. ఏమి మింగుతున్నాడో తెలియనివాడు, కడుపు తిప్పితే మరొక వైద్యుడి దగ్గరికి పోతాడు. పన్ను నొప్పికో మోకాలికో ఇంకొకరు మందు రాస్తారు. ఆ వైద్యుడు "ఇంకేమయినా వాడుతున్నారా?" అంటే, నిజాయితీగా "లేదు" అంటాడు. మీరు నాలుగురోజులు అమ్మాయి ఇంటికి వెడితే కాఫీ ఆగుతుంది, మందు ఆగుతుంది, తల తిరుగుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. రేపు తెలిస్తే, మీ చేతి కాఫీ మళ్ళీ నమ్మడు. లోకమంతా తనకు శత్రువనుకొంటున్న మనిషికి మిగిలిన నమ్మకం అదొక్కటే. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, అర్థం చేసుకొనే శక్తి వున్నంతవరకు చికిత్స నిర్ణయం రోగిదేనన్నది. అంతకన్న పెద్దమాట, మందు వేసుకొని కోలుకొన్నవాడికి తాను కోలుకోగలనని తెలుస్తుంది. దొంగతనంగా బాగుపడినవాడికి ఆ సంగతి తెలియదు.

మీ వుత్తరంలో నన్ను నిద్రపోనివ్వని వాక్యం ఒకటి వుంది. "నేను లేకపోతే మీకందరికీ హాయి." దీన్ని వినీ విననట్టు వదలకండి. ఈ రాత్రే పక్కన కూర్చొని, "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, వున్న ఆలోచన బయటికి వస్తుంది, వచ్చినంతమేరకు బరువు తగ్గుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు వుంటే ఈ పూటే అవతలికి పంపండి. మాత్రల అట్టలన్నీ, ఆయనవీ మీవీ, మీ చేతికింద వుంచుకొని ఏ పూటది ఆ పూట ఇవ్వండి. అది దాచడం కాదు, జాగ్రత్త. వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. అర్ధరాత్రి అయినా సరే 14416 అనే నెంబరుకు ఫోను చెయ్యండి. అది 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం పెట్టిన టెలి మానస్. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పోలీసులకు తెలుస్తుందేమోనన్న భయం వద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి దోషిగా కాక తీవ్రమయిన వొత్తిడిలో వున్నవాడుగా చూడమనీ, శిక్షించవద్దనీ 2017 చట్టం చెప్పింది.

రేపు పొద్దున చీరల మడతల్లోంచి ఆ అట్ట తీయండి. వైద్యుడికి ఫోను చేసి, ఇన్ని రోజులు మానేశారు, మళ్ళీ ఎంతనుంచి మొదలుపెట్టాలి అని అడగండి. అమ్మాయిని దగ్గర కూర్చోపెట్టుకొని ఆయనతో చెప్పండి. ఆరువారాలు నా కోసం వేసుకోండి, గుణం లేకపోతే వైద్యుడే మారుస్తాడు, అని. అల్లుడుగారికి ఈ పత్రిక చూపించండి. ఆయనమీద కోపం వద్దు, ఆయనా ఆ సామెత విని పెరిగినవాడే. బెత్తం దెబ్బ తిన్న ఆ పిల్లవాడి సంగతి ఎత్తితే, "అదేమీ కాదులెండి" అని కొట్టివేయకండి. కోలుకొన్నాక ఆయనే నిర్ణయించుకొంటారు దాన్ని ఏం చెయ్యాలో.

కాఫీ కాఫీగానే ఇవ్వండి. మాత్ర అరచేతిలో పెట్టి, కనపడేటట్టే ఇవ్వండి. ఆరువారాల తరవాత నాకొక కార్డు ముక్క రాయండి. వీలయితే బావగారి చేతి రాతతో.